చుక్కలన్నీ తీసెయ్యమన్నాను

రోజు 1
లక్ష్యం: లేదు. ఫొటోలు: సున్నా.

టెలిస్కోపుతో పాటు వచ్చిన పుస్తకంలో ఆ మహానుభావుడు ఒకటే మాట పదిసార్లు రాశాడు. ఏ రోజు దేన్ని ఫొటో తీశావో, ఎన్ని తీశావో, ఏం తప్పు జరిగిందో చిట్టా రాసుకోమని. సరే, రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. చందమామ మీద రెండో గుహలో ఉంటాను. బయటికెళ్ళే దుస్తులకు చేతితొడుగులు కుడతాను. నేను కుట్టిన తొడుగులోంచి ఇప్పటిదాకా ఒక్కరికీ గాలి కారలేదు. ఇది గొప్పలకు పోవడం కాదు, కావాలంటే రేవులో అడగండి.

టెలిస్కోపు నాదీ, నా చెల్లెలు పైడమ్మదీ. రెండేళ్ళపాటు పండగ బట్టలు మానుకుని తెప్పించుకున్నాం. పాతిక సెంటీమీటర్ల అద్దం, దాని వెనక కెమెరా, ఆకాశంతో పాటు తిప్పే మోటారు, చెప్పిన మాట విని ఫొటోలను కలిపి శుభ్రం చేసే మాటల పెట్టె. తీరా ఇవన్నీ భూమి నుంచి దిగే సమయానికి ఆవిడగారు పడవ మీద ఉంది. 'చందువా'ను నడిపే సరంగు మా పైడమ్మే. ఇక్కడ పడవలన్నిటికీ చేపల పేర్లే. మా ముత్తాతలు చేపల వేటకు వెళ్ళేవాళ్ళు, వీళ్ళు మంచు కోసం వెళ్తారు. ఎక్కడో తిరిగే రాతిగడ్డ మీద తవ్వి, పడవకు కట్టి లాక్కొస్తే, అదే మా గుహకు తాగునీరు. మనిషికి రోజుకు ఎనిమిది చెంబులు. స్నానమంటే తడిగుడ్డతో తుడుచుకోవడమే.

పక్కగది దాలినాయుడు సాయం పట్టాడు. ముప్పయ్యేళ్ళు గాలి మోటార్లు బాగుచేసిన మనిషి, మా వైపు అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అంటాడు. ఇద్దరం దుస్తులు తొడుక్కుని, మూడో తలుపు బయట గోడ నీడలో టెలిస్కోపును నిలబెట్టి, తీగ లోపలికి లాక్కొచ్చాం. ఇప్పుడు నా కుట్టుబల్ల పక్కనే తెర. ఇక్కడ పగలు పద్నాలుగు రోజులు. గాలి లేదు గనక సూర్యుడు ఉన్నా ఆకాశం నల్లగానే ఉంటుంది. గొట్టం మీద ఎండ పడకపోతే చాలు, నా పని నేను చేసుకుంటూ ఫొటోలు తీసుకోవచ్చు.

ఎటు పెట్టాలన్నది ముందే తేలిపోయింది. పైడమ్మ వెళ్తూ చెప్పింది: "వచ్చీటప్పుడు మేం సింగంరాశి పక్కనుంచి వస్తాం. అటే పెట్టుకో అప్పా. నానేటీ కనపడన్లే. నీకు మనసు బాగుంటాదని సెప్తన్నాను."

రోజు 2
లక్ష్యం: సింహరాశిలో మూడు గెలాక్సీలు. ఫొటోలు: పన్నెండు. ఫలితం: పన్నెండూ చెత్త.

ఒక్కో నక్షత్రం పురికొసలా సాగిపోయింది. మోటారు నాకు పట్టపగలే చుక్కలు చూపించిందని రాద్దామంటే, ఇక్కడ పట్టపగలు చుక్కలు కనపడటం మామూలు విషయమే. మధ్యాహ్నందాకా కెమెరాను తిట్టాను. తప్పు దానిది కాదు.

దాలినాయుడు మోటారు విప్పి, ఓ నిమిషం చూసి నవ్వాడు. "అప్పా, ఇది కింద భూమి కోసం సేసింది. అక్కడ ఆకాశం రోజుకో సుట్టు తిరుగుతాది. మనకాడ అదే సుట్టు ఇరవయ్యేడు రోజులు. ఇది పరిగెడతన్నాది, మనది నడస్తన్నాది."

పళ్ళచక్రాలు మార్చడానికి రేపటిదాకా పడుతుందట. ఆ పుస్తకం రాసినవాడు ఈ ఒక్క ముక్క రాసి ఉంటే నాకు ఇంత నోరు నొప్పి ఉండేది కాదు.

రోజు 3
ఫొటోలు లేవు. మోటారు నాయుడి బల్ల మీద ముక్కలుగా ఉంది.

పైడమ్మ కబురు వచ్చింది. దూరం ఎక్కువ గనక మాట ఆగి ఆగి వచ్చింది. "అప్పా, దారి కొంచెం సరిసేసుకోవాల. ఇంజను ఎలిగిస్తన్నాం. అయ్యాక మాట్లాడతాను. టెలిస్కోపు పాడుసెయ్యకు." ఇంకా ముట్టుకోనిది తను, పాడుచేసేది నేనట. పన్నెండో రోజుకు రేవుకు చేరతారు.

రోజు 4
లక్ష్యం: అవే మూడు. ఫొటోలు: నలభై, ఒక్కోటి ఐదు నిమిషాలు. ఫలితం: ఏం రాయాలో తెలియడం లేదు.

చక్రాలు మార్చాక నక్షత్రాలు బుద్ధిగా నిలబడ్డాయి. మొదటి ఫొటో తెర మీదకు రాగానే సూది పక్కన పెట్టేశాను. మూడు గెలాక్సీలూ ఒకే చట్రంలో ఉన్నాయి. రెండు దగ్గర దగ్గరగా మొహాలు చూసుకుంటున్నాయి. మూడోది కాస్త ఎడంగా, పూర్తిగా పక్కకు తిరిగి, నడుము మీద నల్లటి చారతో ఉంది. వాటికి తోడికోడళ్ళని పేరు పెట్టేశాను. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోది అలిగి కూర్చున్నట్టే ఉంది. ఆ వెలుగు బయల్దేరినప్పుడు మనుషులే లేరని నాయుడు ఏదో చెప్పబోయాడు. చూడనివ్వమన్నాను.

ఫొటోల నిండా చుక్కల్లాంటి తెల్లటి గుల్లలు ఉన్నాయి. ఇక్కడ గాలి లేదు కదా, ఆకాశంలోంచి సూక్ష్మమైన కణాలు తిన్నగా వచ్చి కెమెరాకు తగులుతాయట. తగిలినచోటల్లా ఒక చుక్క పడుతుంది. ఈ ఫొటోలో ఉన్నది తర్వాతి ఫొటోలో ఉండదు. ముగ్గు వేయబోతే పిండి ఒలికినట్టుంది. శుభ్రం చేయాలంటే మాటల పెట్టెతో చెబితే చాలని పుస్తకంలో ఉంది. చెప్పాను.

"ఆ సుక్కలన్నీ తీసీ."

తీసేసింది. గుల్లలతో పాటు నక్షత్రాలన్నిటినీ తీసేసింది. నలభై ఫొటోలలోనూ ఒక్క నక్షత్రం మిగల్లేదు. నల్లటి గుడ్డ మీద ముగ్గురు తోడికోడళ్ళు మాత్రం కూర్చుని ఉన్నారు. నాయుడు కుర్చీలోంచి జారేంతగా నవ్వాడు.

"సుక్కలంటే ఏటి మరి? సుక్కలే గదా. తీసీమన్నావు, తీసీసింది. దాన్ని తిడతావేటి?"

పెట్టె చాలా మర్యాదగా చెప్పింది: "తీసిన చుక్కలను ఫొటోవారీగా విడిగా దాచాను. స్థలం చాలనందున అసలు ఫొటోలు చెరిపేశాను." నీ మర్యాద తగలెయ్య, ఎవరడిగారు నిన్ను దాచమని అన్నాను. మూడు గంటల ఇరవై నిమిషాల వెలుగు పోయింది. అన్నం తినబుద్ధి కాలేదు, తిన్నాను.

రోజు 5
ఫొటోలు: నలభై. ఫలితం: బాగుంది.

చుక్కలు అనకూడదు, మచ్చలు అనాలి. "మచ్చలు తీసీ" అంటే, అన్ని ఫొటోలలోనూ ఒకేచోట ఉన్నదాన్ని ఉంచి, అలా లేనిదాన్ని పారేస్తుంది. ఈసారి నక్షత్రాలు నక్షత్రాల్లా ఉన్నాయి, అలిగిన తోడికోడలి నడుము చార పోగు పోగునా కనపడుతోంది. నా జన్మలో నేను చేసిన అందమైన వస్తువు ఇదే. చేతితొడుగులు కూడా దీని తర్వాతే.

ఫొటో పైడమ్మకు పంపాను. సాయంత్రందాకా జవాబు లేదు. మంచు బరువుతో పనిలో ఉండి ఉంటుంది.

రోజు 6
ఫొటోలు లేవు.

రేవు నుంచి పిలుపొచ్చింది. రేవు పెద్ద జోగారావుగారు కూర్చోమన్నారు. ఆయన ఎవరినీ కూర్చోమనే మనిషి కాదు. మూడో రోజు ఇంజను వెలిగించాక 'చందువా' నుంచి ఒక్క మాట కూడా రాలేదట. పడవలో ముగ్గురున్నారు: పైడమ్మ, లోకనాథం, అతని మేనకోడలు గంగ. లోకనాథం భార్య దమయంతి నాకన్నా ముందే వచ్చి గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఉన్నదున్నట్టు చెప్తాను," అన్నారు జోగారావుగారు. "ఇంజను ఎంతసేపు వెలిగిందో మనకు తెలీదు. ఎక్కువ వెలిగినా తక్కువ వెలిగినా దారి తప్పుతారు. మన పక్కనుంచి దాటిపోతారు. రేవులో ఉన్న రెండో పడవ 'వంజరం' ఎదురెళ్ళి పట్టుకోగలదు. కానీ ఎక్కడికెళ్ళాలో చెప్పాలి. దాని దగ్గర ఒక్క ప్రయాణానికే ఇంధనం ఉంది."

"రాడార్‌తో సూడండి," అన్నాను.

"అంత దూరం అందదమ్మా. పెద్ద రాడార్‌తో వెతకమని భూమి మీద వాళ్ళకు అర్జీ పెట్టాం. వరుసలో ఉండమన్నారు. పదో రోజు సాయంత్రంలోగా బయల్దేరకపోతే 'వంజరం' కూడా వాళ్ళను అందుకోలేదు. 'చందువా' లోపల గాలి పదహారో రోజుదాకా వస్తుంది."

ఇంటికొచ్చి టెలిస్కోపు తెర మీద గుడ్డ కప్పేశాను. కోట్ల ఏళ్ళ అవతలున్నవి నడుము చారతో సహా కనపడతాయి, నా చెల్లెలు కనపడదు. ఆ పుస్తకం రాసినవాడి మీద, పెట్టె మీద, నా మీద, అందరి మీదా కోపం వచ్చింది. ఎక్కువగా భయమేసింది.

రోజు 8
లక్ష్యం: అదే చోటు. ఫొటోలు: నలభై. ఫలితం: ఏమీ లేదు.

నాయుడు వచ్చి గుడ్డ తీసేశాడు. "ఆళ్ళొచ్చే దిక్కు అదే గదా అప్పా. పడవకి కరెంటు తీసే ఎండరేకులు ఇల్లంత ఉన్నాయి. మెరుస్తాది. తియ్యి."

తీశాను. "మచ్చలు తీసీ" అని శుభ్రం చేయించాను. మూడు గెలాక్సీలు, ఉండాల్సిన నక్షత్రాలు, అంతే. కొత్తది ఒక్కటీ లేదు. మళ్ళీ నలభై తీశాను. లేదు. నాయుడు టీ పెట్టి ఇచ్చి వెళ్ళాడు. దమయంతి రెండుసార్లు తలుపు దగ్గరకొచ్చి నా మొహం చూసి వెళ్ళిపోయింది.

రోజు 9
ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

పొద్దున కూర్చుని ఒక తొడుగు కుట్టాను. బొటనవేలి దగ్గర వంకర పోయింది. ఇరవయ్యేళ్ళలో ఇలా పోవడం ఇదే మొదటిసారి. విప్పడం మొదలుపెట్టాను. మా పనిలో ఒక పద్ధతుంది. కుట్టు విప్పితే, తీసిన ప్రతి దారపు ముక్కనూ డబ్బాలో వేయాలి. చివర్లో అన్నీ బల్ల మీద పరిచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, కుట్టు పొడవుకు సరిపోయిందా లేదా చూడాలి. ఒక్క పోగు లోపల మిగిలినా అతుకు దగ్గర గాలి కారుతుంది, మనిషి పోతాడు. తీసేసినదాన్ని పారేసేవాళ్ళు చేతితొడుగులు కుట్టకూడదు.

ముక్కలు పరుస్తూ ఉంటే నాకు పెట్టె గుర్తొచ్చింది. మచ్చలు అన్నప్పుడు అది ఒకేచోట లేనిదాన్ని పారేస్తుంది. పడవ ఒకేచోట ఎందుకుంటుంది? కదులుతూ ఉంటుంది. అంటే ఐదో రోజునా నిన్నా పడవ నా ఫొటోల్లో ఉన్నా, మచ్చ అనుకుని నేనే పారేయించి ఉంటాను. కానీ నాలుగో రోజు నేను మచ్చలు అనలేదు. చుక్కలు అన్నాను. చుక్కల్ని అది పారేయలేదు, ఫొటోవారీగా దాచింది.

"నాలుగో రోజు తీసిన సుక్కలు సూపించు. ఒకదాని తర్వాత ఒకటి."

నలభై చట్రాలు వచ్చాయి. గెలాక్సీలు లేవు, ఒట్టి చుక్కలే. కొన్ని అన్నిటిలోనూ ఒకేచోట ఉన్నాయి, అవి నక్షత్రాలు. కొన్ని ఒక్కదాంట్లో మెరిసి మాయమయ్యాయి, అవి గుల్లలు. మూడోసారి తిప్పినప్పుడు చూశాను. అలిగిన తోడికోడలు ఉండాల్సిన చోటికి కాస్త కింద, ఒక్క చుక్క నడుస్తోంది. ఒక్కో చట్రానికీ నూలుపోగంత జరుగుతోంది. నడుస్తూ నడుస్తూ మసకబారుతోంది, ఏడో చట్రానికి మళ్ళీ వెలుగుతోంది.

నాయుణ్ణి కేకేశాను. ఆయన లెక్కపెట్టి చూశాడు. "తన సుట్టూ తనే తిరగతన్నాది అప్పా. రేకులు మనవైపు తిరిగినప్పుడల్లా మెరస్తన్నాది. అందుకే మాట రాట్లేదు. యాంటెన్నా మనకేసి నిలబడట్లేదు."

నా ప్రాణం లేచొచ్చింది, వెంటనే సగం పడిపోయింది. పడవల వాళ్ళింట్లో పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే: మన మీదకు సూటిగా వచ్చే పడవ పక్కకు జరగదు, ఉన్నచోటే పెద్దదవుతుంది. ఇది జరుగుతోంది. అంటే సూటిగా మన దగ్గరకు రావడం లేదు, పక్కనుంచి దాటిపోతోంది.

నాలుగో రోజు నడకను బట్టి ఇవాళ ఎక్కడుండాలో నాయుడు గీత గీశాడు. టెలిస్కోపును అటు తిప్పాం. తోడికోడళ్ళకు చాలా ఎడంగా, నేనెప్పుడూ చూడని ఖాళీ చోటు. ముప్పై ఫొటోలు తీసి, పెట్టెను నోరెత్తొద్దన్నాను. ఏదీ తీయొద్దు, ఏదీ కలపొద్దు. కళ్ళతోనే వెతికాను. పదకొండో ఫొటోలో దొరికింది. ఈసారి ఇంకా ప్రకాశంగా, ఏడింటికోసారి మెరుస్తూ కనిపించింది.

రోజు 10
జోగారావుగారు ఫొటోలు చూసి మొదట అన్నమాట: "ఇది ఏ రాయో కావచ్చు కదమ్మా."

"రాళ్ళ జాబితా మీ దగ్గరే ఉంది. అక్కడ ఏ రాయుందో సెప్పండి," అన్నాను.

వెతికించారు. లేదు. పొరపాటయితే 'వంజరం' ఉన్న ఒక్క ప్రయాణమూ వృథా అవుతుందన్నారు. ఆయన్నేమీ అనలేను. ఆయన గుహకంతటికీ నీళ్ళు చూసుకోవాలి. అప్పుడు దమయంతి గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చింది. నాలుగు రోజులుగా ఆ మనిషి నోటంట మాట రావడం నేను వినలేదు.

"అయ్యా, రత్నమప్ప కుట్టిన తొడుగులు తొడుక్కునే గదా మీరందరూ బయటికెళ్తారు. ఆ సేతిని నమ్ముతారు, ఆ కన్ను నమ్మరేటి?"

జోగారావుగారు ఫొటోలను మళ్ళీ మొదటినుంచీ చూశారు. తర్వాత లెక్కలు కట్టేవాళ్ళను పిలిపించారు. నాలుగో రోజు నలభై చుక్కలు, నిన్నటి ముప్పై, వాటితో దారి తేలింది. చందమామకు చాలా దూరంగా దాటిపోయే దారి. 'వంజరం' సాయంత్రం గడువుకు రెండు గంటల ముందు బయల్దేరింది.

రోజు 13
రేవు గదిలో ఇసకేస్తే రాలనంత జనం. 'వంజరం' మీద వాళ్ళు మాట్లాడేదంతా పైన బిగించిన మైకులోంచి వినపడుతోంది. 'చందువా' కనపడిందన్నారు. యాంటెన్నా కొమ్మ విరిగిందన్నారు. తాడు వేశామన్నారు, తిరగడం ఆపామన్నారు. అక్కడిదాకా అందరూ హమ్మయ్య అంటూనే ఉన్నారు. నేను అనలేదు. పడవ దొరకడం వేరు.

'వంజరం' మనిషి ఒకడు బయటికి వచ్చి 'చందువా' గోడకు శిరస్త్రాణం ఆనించాడు. గాలి లేకపోయినా లోహంలోంచి చప్పుడు వస్తుంది. పడవల వాళ్ళ పద్ధతి ఒకటుంది. మాట పోయినప్పుడు బయటివాడు ఒక్కసారి కొడతాడు. లోపలున్నవాళ్ళు ఎవరి దెబ్బ వాళ్ళే కొట్టాలి. ఒకరి బదులు ఇంకొకరు కొట్టకూడదు.

బయటివాడు కొట్టాడు.

ఒక దెబ్బ గట్టిగా వినపడింది. వెంటనే రెండోది. దమయంతి నా చెయ్యి పట్టుకుంది. మూడోది రాలేదు. ఎవరూ దగ్గలేదు కూడా. ఆ ఇద్దరూ ఎవరన్నది గదిలో ఎవరికీ తెలీదు, దమయంతీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. దేవుడా ఇంకొక్కటి అనుకున్నాను. వచ్చిన రెండింటిలో ఒకటి పైడమ్మది కావాలని అడిగితే దమయంతి నుంచి లాక్కున్నట్టవుతుందని కూడా అనుకున్నాను. అయినా అడిగాను.

మూడోది వచ్చింది. చాలా మెల్లగా, ఏదో మెత్తటిదానితో తట్టినట్టు.

"ముగ్గురు," అన్నాడు మైకులోంచి. "ముగ్గురూ ఉన్నారు."

దమయంతీ నేనూ కింద కూర్చుండిపోయాం. ఎవరు నవ్వారో ఎవరు ఏడ్చారో నాకు గుర్తులేదు. జోగారావుగారు గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకోవడం మాత్రం చూశాను.

రోజు 15
లక్ష్యం: లేదు. ఫొటోలు: లేవు.

పైడమ్మ వచ్చింది. మెత్తటి దెబ్బ తనదే. ఊగిపోతున్న యాంటెన్నాను పట్టుకోబోయి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది, ఎడమచేత్తో గుడ్డ చుట్టిన చెంచా పట్టుకుని కొట్టిందట. మనిషి సగమైంది. జుట్టు అట్టలు కట్టింది. ఎదురొచ్చిన నన్ను చూసి, "ఒళ్ళంతా కంపు కొడతన్నాను అప్పా, దగ్గరికి రాకు," అంది. దగ్గరికి వెళ్ళాను.

తిట్టడానికి ఇన్ని రోజులుగా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ వదిలేసి తనను గదికి నడిపించుకొచ్చాను.

గది ముందు నీళ్ళున్నాయి. నాయుడు ఒక చెంబు పెట్టి వెళ్ళాడు, దమయంతి రెండు. మిగతావి ఎవరు పెట్టారో నాకు తెలీదు, తలుపు తీసేసరికి గోడ పొడుగునా చెంబులే. వాటికి నావి కూడా కలిపి పెద్ద గిన్నెలోకి వంపాను. పైడమ్మను పీట మీద కూర్చోబెట్టి, విరిగిన చేతికి సంచీ కట్టి, నెత్తి మీద పోశాను. ఇక్కడ నీళ్ళు మెల్లగా జారుతాయి. ముందు నుదుటి మీద నిలబడి, తర్వాత కనురెప్పల మీంచి, చెంపల మీంచి దిగుతాయి. తను అలాగే కళ్ళు మూసుకుని కూర్చుంది.

"ఇంకో సెంబు పొయ్యి అప్పా," అంది.

పోశాను.

"ఇంకోటి."

పోశాను.

"ఇంకా ఉన్నాయేటి నీళ్ళు?"

లేవు. ఇంట్లో మిగిలినవి రేపు నేను తాగాల్సిన ఎనిమిది చెంబులే. లోపలికెళ్ళి అవీ తెచ్చాను.

"సానా ఉన్నాయి. కళ్ళు మూసుకో," అన్నాను.